సీటు కింది క్యారేజీలు

వట్లూరులో మా అపార్ట్‌మెంటు లిఫ్టుకి ఒక జబ్బుంది. తలుపు పూర్తిగా పడేదాకా "దయచేసి తలుపు మూయండి" అని లోపలి నుంచి ఒక ఆడగొంతు చెబుతూనే ఉంటుంది. మూశాక కూడా ఒకసారి చెబుతుంది. అసోసియేషన్ వారికి మూడుసార్లు చెప్పాను. చాలా మర్యాదగా విన్నారు. అంతటితో వారి బాధ్యత తీరింది. నా బాధ ఆ గొంతు గురించి కాదు. ఆవిడ చెప్పగానే జనం కిక్కురుమనకుండా తలుపు మూస్తారే, అదీ నా బాధ. అదే మాట నేను ఇరవై ఎనిమిదేళ్లు బస్సు వెనక మెట్టు మీద నిలబడి, ఇంతకంటే బతిమాలుతూ చెప్పాను. ఒక్కరు మూసిన పాపాన పోలేదు.

నేను కండక్టరుగా చేసి రిటైరయ్యాను. చదివింది బి.ఏ. చరిత్ర. చదువుకీ ఉద్యోగానికీ పొంతన లేదని చాలామంది జాలిపడ్డారు గానీ, నాకలా అనిపించలేదు. రెండింట్లోనూ జనం ఎక్కడం, దిగడం, మధ్యలో ఒకరినొకరు తోసుకోవడం తప్ప వేరే విశేషం లేదు.

ఈమధ్య మా మేనకోడలికి కండక్టరు ఉద్యోగం వచ్చింది. "మావయ్యా, అసలు ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని అడిగింది. టిక్కెట్ల మిషను ఎలా నొక్కాలో శిక్షణలో నేర్పుతారు. నేర్పనివి కొన్ని ఉన్నాయి. ఆమె కోసం, ఆమె లాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మజ్జిగకి కాలమ్ లేదు

రెండువేల సంవత్సరం దాటాక ఆరేళ్ల పాటు నాది ఒకటే రూటు. రాత్రికి బస్సు కొల్లేటి లంక ఊళ్లో ఆగేది. పొద్దున ఆరింటికి అక్కడ బయల్దేరి, గట్టు రోడ్డు మీదుగా భీమడోలు వచ్చి, అక్కణ్నుంచి తాడేపల్లిగూడెం, మా మాటల్లో గూడెం. డ్రైవరు యేసురత్నం గారు. నాకంటే పదేళ్లు పెద్ద. హారను కొట్టడం ఎదుటివాణ్ని తిట్టడంతో సమానమని ఆయన నమ్మకం. గట్టు మీద బాతుల మంద అడ్డొస్తే ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, అవి దాటేదాకా సన్నగా ఏదో కీర్తన పాడుకునేవారు. బాతులకి తొందర లేదు. ఆయనకీ లేదు. ఉన్నదల్లా నాకూ, టైము షీటుకీ.

ఒక వేసవిలో, స్టాపు కాని చోట ఒకావిడ చెయ్యెత్తింది. ఆయన ఆపారు. ఆవిడ ఎక్కలేదు. కుండ ఒకటి, గ్లాసులు రెండు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది.

"ఎక్కాలమ్మా, ఎక్కాలి" అన్నాను విసుగ్గా.

"నేనెక్కడికి ఎళ్తానండీ! రోజూ మీ బస్సు దుమ్ములో పోతుంటే చూస్తన్నాను. ఎండ కదాని మజ్జిగ తెచ్చాను. తాగి పోండి."

రెండు గ్లాసులతో నలభై మంది తాగారు. ఏడు నిమిషాలు ఆలస్యం. ఆలస్యానికి కారణం రాయాలి కాబట్టి, అబద్ధం ఎందుకని 'మజ్జిగ' అని రాశాను. మా డిపో మేనేజరు పిలిచారు. మంచి మనిషే, కళ్లజోడు పైనుంచి చూసేవారు.

"ఇంజను ట్రబుల్ అని రాయవయ్యా" అన్నారు. "మజ్జిగకి మన దగ్గర కాలమ్ లేదు."

ఆ ఉద్యోగంలో నాకు దొరికిన మంచి చాలావరకు కాలమ్ లేనిదే. కొత్తవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే మంచిది. లేకపోతే కాలమ్స్‌లో పడిందే ఉద్యోగం అనుకునే ప్రమాదముంది.

రూలు, ఆచారం

మనిషి లేకుండా సామాను బస్సులో వేసుకోకూడదు. ఇది రూలు. సామాను లేకుండా లంక నుంచి బస్సు కదలకూడదు. ఇది ఆచారం.

ఆ ఊరి పిల్లలు భీమడోలు నుంచి రైలెక్కి ఏలూరు కాలేజీలకి పోయేవారు. మగవాళ్లు కొందరు భీమడోల్లోనో గూడెంలోనో ఉండి పనిచేసేవారు. వాళ్లకి ఇంటి అన్నం చేరే దారి మా బస్సు ఒక్కటే. పొద్దున ఐదున్నరకల్లా ఆడవాళ్లు స్టీలు క్యారేజీలు సంచుల్లో పెట్టి తెచ్చేవారు. నేను వాటిని డ్రైవరు వెనక సీటు కింద సర్దేవాణ్ని. దిగాల్సిన చోట ఎవరో ఒకరు కిటికీలోంచి చెయ్యి చాపేవారు. నేను అందించేవాణ్ని. చీటీ లేదు, సంతకం లేదు. ఇన్నేళ్లలో ఒక్కటీ పోలేదు. ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పుకునేవాణ్ని. ఎవరూ అడక్కపోయినా చెప్పుకునేవాణ్ని.

ఏ క్యారేజీ ఎవరిదో సంచిని బట్టి తెలిసేది. పాత చీర చెంగుతో కుట్టిన సంచి ఒకరిది, పూసల సంచి ఒకరిది, తువ్వాలు మూట ఒకరిది. అంతా సవ్యంగా ఉండగా, చేపల మేత అమ్మే కంపెనీ ఒకటి ఊళ్లో మీటింగు పెట్టి ఇంటికో సంచి ఉచితంగా ఇచ్చింది. ఆకుపచ్చ సంచి, మీద నవ్వుతున్న చేప బొమ్మ. దాన్ని పెంచేది దేనికో తెలిస్తే అది అలా నవ్వేది కాదు. మర్నాటి నుంచి సీటు కింద పన్నెండు ఆకుపచ్చ సంచులు, పన్నెండు నవ్వులు.

నేను ఏర్పాటు మార్చాను. భీమడోల్లో దిగేవి సీటు కింద ఎడమ పక్క, గూడెం పోయేవి కుడి పక్క. సంచి మొహం కాదు, చోటు గుర్తుపెట్టుకోవడం. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. నెల రోజులు బాగానే నడిచింది.

కరుణ హాల్ టిక్కెట్టు

ఆ నెల గడిచాక ఒక రోజు, కిటికీ దగ్గరికి శాంతమ్మ గారు క్యారేజీ తెచ్చారు. ఆవిడ ఆ ఊరి చర్చి పక్క ఇంట్లో ఉండేవారు. కూతురు కరుణని గూడెంలో ఇచ్చారు. కూతురికి అడపాదడపా కూరలు పంపుతుండేవారు.

"బాబూ, ఇయ్యాల జాగ్రత్తండీ" అన్నారు.

"పులుసు ఒలకదు లెండమ్మా" అని కుడి పక్క పెట్టాను.

ఆ సంచిలో ఏముందో నాకు గూడెంలో తెలిసింది.

కరుణ టీచరు ట్రైనింగు అయ్యి, లంక బడిలో జీతం లాంటిదేదో తీసుకుంటూ కొన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఆ రోజు పది గంటలకి గూడెంలో ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష. వయసు పరిమితి లెక్కన ఆమెకి అదే ఆఖరిసారి. ఆదివారం పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్తూ హాల్ టిక్కెట్టు అక్కడే మర్చిపోయింది. ముందు రోజు సాయంత్రం గుర్తొచ్చి ఊరి కొట్టుకి ఫోన్ చేసింది. అప్పటికి సెల్‌ఫోన్లు ఊళ్లో ఇద్దరికే ఉండేవి, వాటికీ గట్టెక్కితేనే సిగ్నలు. పొద్దుటి బస్సు తప్ప దారి లేదు. తల్లి ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సంచి అడుగున పెట్టి, దానిమీద క్యారేజీ పెట్టింది. నాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని తర్వాత అడిగితే, "కాయితమంటే మీరు జేబులో పెట్టుకుని మర్చిపోతారేమోనండీ. క్యారేజీ అయితే మర్చిపోరు కదా" అన్నారు. నా మీద కంటే అన్నం మీద ఆవిడకి నమ్మకం ఎక్కువ. తప్పు పట్టడానికి లేదు.

భీమడోల్లో బస్సు కిక్కిరిసి ఉంది. వెనక నుంచి ఒక పెద్దాయన "కండక్టరు గారూ, ఈ బస్సు గూడెం చేరుద్దంటారా?" అని అరిచారు. "చేరుద్దండీ. మనమే ఉండకపోవచ్చు" అన్నాను. బస్సంతా నవ్వింది. కిటికీలోంచి వీర్రాజు చెయ్యి చాపాడు. సంచి ఇచ్చి విజిలు వేశాను.

వీర్రాజు లంక ఊరివాళ్ల అల్లుడు. భీమడోల్లో అద్దెకుంటూ, సీజను టిక్కెట్టు మీద రోజూ రైల్లో గూడెం పోయి రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. అత్తగారు క్యారేజీ పంపేవారు. రోజూ కనపడే మనిషే గానీ, రోజూ నాకు కనపడేది ఎక్కువగా ఆ చెయ్యి ఒక్కటే.

గూడెం బస్టాండులో తొమ్మిదింటికి దిగాం. కరుణ పరుగెత్తుకొచ్చింది. సంచి ఇచ్చాను. క్యారేజీ పైకి తీసి అడుగున చెయ్యి పెట్టింది. తర్వాత సంచి తిరగేసి దులిపింది. తర్వాత క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది. అన్నం, మామిడికాయ పప్పు, ఎండు చేపల వేపుడు.

"ఏవండీ" అంది చాలా నెమ్మదిగా, "ఇది మా ఇంటి క్యారేజీ కాదండీ."

అరిచి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

మెడ నొప్పి

విషయం అర్థం కాగానే నేను చేసిన మొదటి పని నిర్దోషినని చెప్పుకోవడం. దీన్ని కొత్తవాళ్లు గమనించాలి. అందరం అదే చేస్తాం, టైము మాత్రం ఆగదు.

"సీటు కింద ఎడమా కుడీ సరిగ్గా పెట్టానమ్మా. ఈ చేపల గంప తోసేసుంటుంది" అన్నాను.

చేపలమ్మే ఆవిడ ఇంకా దిగుతోంది. గంప నెత్తి మీదకి ఎత్తుకుంటూ ఆగింది.

"నా గంప ఎనక డోరు కాడ ఉందండీ బాబూ. సీటు కిందకి ఎలా వచ్చిందంటారు, ఈదుకుంటా వచ్చిందా?"

"వీర్రాజు ఏ మిల్లులో చేస్తాడో తెలుసా నీకు?" అన్నాను, మాట మార్చి.

"తెలవకేం! పెంటపాడు రోడ్లో, నీళ్ల ట్యాంకు దాటాక రెండో మిల్లు. నా దగ్గరే చేపలు కొంటాడు. మంచోడండీ పాపం, బేరమాడడు."

యేసురత్నం గారు దిగొచ్చి కరుణ తల మీద చెయ్యి పెట్టారు. "నువ్వు రిక్షా ఎక్కి సెంటరుకి పోమ్మా. లోపల పెద్దసారుని కలిసి సంగతి చెప్పి కూచో. కాయితం మేం తెస్తాం" అన్నారు. మేం అంటే ఎవరో ఆయనకీ తెలీదు. ఆయన మాటలో తడబాటు లేకపోవడం చూసి ఆమె బయల్దేరింది.

మిల్లుకి రెండు మైళ్లు. అక్కణ్నుంచి సెంటరు ఊరికి అటు చివర. బస్టాండులో వెంటనే కదలగల బండి ఒక్కటే కనపడింది. అది చెకింగు ఇన్‌స్పెక్టరు సుబ్బారావు గారి జీపు.

సుబ్బారావు గారి గురించి చెప్పాలి. మేం ఆయన్ని గ్రహణం అనేవాళ్లం. ఆయన బస్సెక్కితే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. ఆయన నవ్వగా చూశామన్న కండక్టరు మా డిపోలో లేడు. ఆయన్ని జీపు అడగాలంటే సంగతి చెప్పాలి. చెబితే, మనిషి లేని సామాను రోజుకి పన్నెండు చొప్పున ఏళ్ల తరబడి మోశానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలున్న రోజులు. నిజం చెప్పొద్దూ, జీపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగాను. తిరిగేసరికి గేటు దగ్గర రిక్షా ఎక్కుతూ కరుణ కనపడింది. ఆ ఖాళీ సంచిని మడత పెట్టి చంకలో పెట్టుకుంది, అందులో ఇంకా ఏదో ఉన్నట్టు.

వెళ్లి చెప్పాను. మొత్తం చెప్పాను. చేప బొమ్మ కూడా వదల్లేదు.

ఆయన విని, జీపు తలుపు తెరిచారు. "ఎక్కండి."

దారిలో ఇంకేం మాట్లాడాలో తెలీక, "మీరు అన్నిసార్లు మా బస్సు చెక్ చేశారు, ఎప్పుడూ సంచులు దొరకలేదండి, అదృష్టం" అన్నాను.

"నాకు మెడ నొప్పండీ" అన్నారాయన రోడ్డు చూస్తూ. "డ్రైవరు వెనక సీటు దగ్గర మాత్రం వంగొద్దన్నారు డాక్టరు గారు."

అంతకంటే మర్యాదగా నన్ను ఎవరూ క్షమించలేదు. క్షమించే అవసరం అన్నేళ్లుగా ఉందనే సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. పై అధికారుల గురించి కొత్తవాళ్లు విన్న ప్రతిదీ నమ్మక్కర్లేదు. కొందరికి మెడ నొప్పులుంటాయి.

గేటు దగ్గర

మిల్లులో వీర్రాజు లేడు.

"వచ్చాడండీ" అన్నాడు మేస్త్రీ. "సంచి భుజం మీంచి దించుతా, ఇది మా క్యారేజీ కాదన్నాడు. నాలుగు బస్తాలు మోసొచ్చి ఇప్పి చూస్తే అడుగున ఏదో కాయితం, మీద ఆడమనిషి ఫొటో. మా గుమస్తా గారు చదివి, అమ్మో ఇది ఇయ్యాల పరీక్షదిరా, సెంటరు ఫలానా స్కూలు అన్నారు. అంతే, బస్తాలు అక్కడే వదిలేసి పోయాడు. లారీ లోడుంది, పోతే ఇయ్యాల్టి పని లేదన్నాను. ఇన్లేదు."

"ఎలా పోయాడు?"

"నడిసే. పరిగెట్టి ఉంటాడు లెండి."

సెంటరు చేరేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. గేటు ముందు గలాటా అవుతోంది. గళ్ల లుంగీ మీద, ఒళ్లంతా తవుడుతో, వీర్రాజు నిలబడి ఉన్నాడు. హాల్ టిక్కెట్టు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, లోపలికి పోయే ప్రతి ఆడమనిషి మొహంలోకీ, ఫొటోలోకీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒక భర్త అప్పటికే అతని చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకాయన వాచీ తీసి పెళ్లాం చేతికిచ్చి సిద్ధమవుతున్నాడు.

"అది కాదండీ, ఈ అమ్మగారి కోసమండీ" అంటున్నాడు వీర్రాజు.

వాచ్‌మన్ అతన్ని లోపలికి పోనివ్వట్లేదు. "హాల్ టిక్కెట్టు ఉన్నోళ్లే లోపలికి."

"ఉంది కదండీ!"

"నీది కాదు కదా!"

వాచ్‌మన్ మాటలో తప్పేం లేదు. అతని ఉద్యోగం అతను చేస్తున్నాడు. సుబ్బారావు గారు జీపు దిగి, తన మామూలు మొహంతో గేటు వైపు నడిచారు. భర్త చొక్కా వదిలేశాడు. వాచ్‌మన్ గేటు తెరిచాడు. ఆ మొహం మంచి పనికి ఉపయోగపడటం నేను మొదటిసారి చూశాను.

పెద్దసారుని గేటు దగ్గరికే పిలిపించుకుని లోపలికి వచ్చిన కరుణ, ఆయన గదిలో బల్ల చివర కూర్చుని ఉంది. ఆయన పాపం గంట కొట్టే మనిషిని ఆపి, గోడ గడియారం వంక చూస్తూ నిలబడి ఉన్నారు. వీర్రాజు, కాయితం తడుస్తుందేమోనని చేతులు ఒక్కొక్కటే లుంగీకి తుడుచుకుని, హాల్ టిక్కెట్టు అందించాడు. ఆమె అతని మొహం వైపు ఒక్కసారి చూసి, హాలు వైపు పరుగెత్తింది. ఆమె లోపల అడుగుపెట్టాక గంట కొట్టారు.

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను.

ఆమెకి ఆ పరీక్షతోనే ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగు అత్తిలి వైపు. తర్వాత లంకకే బదిలీ చేయించుకుని వచ్చింది.

ఇది మా ఇంటిదే

బస్టాండులో మా బస్సు తొమ్మిదింబావుకి తిరిగి బయల్దేరాలి. మేం చేరేసరికి పదిన్నర. ఎక్కిన జనం ఎక్కినట్టే కూర్చుని ఉన్నారు. తిట్లు తినడానికి సిద్ధపడి మెట్టెక్కాను.

"అమ్మాయి రాస్తందాండీ?" అన్నారు ముందు సీటులో ఒక పెద్దావిడ.

యేసురత్నం గారు అందరికీ చెప్పేశారన్నమాట. ఆవిడెవరో కరుణకి ఏమీ కారు. తణుకు వైపు మనిషి, భీమడోల్లో చుట్టాలింటికి పోతున్నారు.

"రాస్తందండీ" అన్నాను.

బస్సు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. గంటా పావు ఆలస్యమైనందుకు చప్పట్లు కొట్టించుకున్న కండక్టర్ని బహుశా నేనొక్కణ్నే. తన క్యారేజీ కోసం మాతో వచ్చిన వీర్రాజుని జనం చూసి, ఇటు రావయ్యా, ఇటు కూర్చో అంటూ చోటు చేశారు. ఒకాయన జామకాయలు ఇచ్చారు. వీర్రాజు సిగ్గుపడుతూ మెట్టు మీదే నిలబడ్డాడు. అతని ఆ రోజు పని పోయిందని అక్కడ తెలిసింది సుబ్బారావు గారికీ నాకూ మాత్రమే. సుబ్బారావు గారు అతన్ని మళ్లీ మిల్లు దగ్గర దింపి మేస్త్రీతో మాట్లాడతానని జీపులోనే ఆగారు.

నాకు గుండె కుదుటపడింది. కుదుటపడగానే నోరు కూడా కుదుటపడింది.

"చూశారా, మా బస్సులో అన్నం వేస్తే ఉద్యోగం వస్తుంది" అన్నాను. "రేపట్నుంచి సీటు కింద ఖాళీ ఉండదు."

అందరూ నవ్వారు. యేసురత్నం గారు కూడా నవ్వారు. నేను సీటు దగ్గరికెళ్లి, కరుణ విప్పిన గిన్నెలు యేసురత్నం గారు మళ్లీ సర్ది ఉంచిన క్యారేజీ తీసి, వీర్రాజుకి అందించాను.

"అసలు విప్పకుండానే మనది కాదని ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాను.

"బరువు తేడా వచ్చిందండీ. మా అత్త అన్నం ఎక్కువ పెడద్ది." క్యారేజీని చేత్తో ఒకసారి పైకీ కిందకీ ఊపి చూసుకున్నాడు. ఇది తన ఇంటిదేనని నమ్మకం కుదిరాక, మెట్టు దిగి, వెనక్కి తిరిగి కోపమేమీ లేకుండా నా వైపు చూశాడు.

"మీరు జోకులు బాగా ఏస్తారండీ. పొద్దున నాకు సంచి ఇచ్చేటప్పుడు కూడా ఎనక్కి తిరిగి ఏదో ఏస్తన్నారు. సీటు కిందకి చూళ్లేదండీ."